వాకీటాకీ డబ్బా మీద ఫ్రీక్వెన్సీ ఎక్కడ?

సంపాదకుడు గారికి,

వినాయక మండపాలు, జాతరలు, పెళ్లి ఈవెంట్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు: ఎక్కడ చూసినా చేతిలో వాకీటాకీ కనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో జత సెట్లు తేలిగ్గా దొరుకుతున్నాయి, చాలావాటి మీద ‘లైసెన్స్ అక్కర్లేదు’ అన్న మాట కూడా ఉంటోంది. ఆ మాట ఏ సెట్టుకు వర్తిస్తుందో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. పట్టుబడితే ఇబ్బంది మాత్రం సెట్టు చేతిలో ఉన్నవాడిదే.

మన దేశంలో నిబంధన నిజానికి ఉదారమైనదే. తక్కువ శక్తి, తక్కువ దూరం పరికరాల కోసం 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే వాకీటాకీలకు లైసెన్స్ మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుకు మూడు షరతులు: ఫ్రీక్వెన్సీ ఆ హద్దు దాటకూడదు, శక్తి నిర్ణీత పరిమితిలో ఉండాలి, ఆ మోడల్‌కు టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ, అంటే పరికరం రకానికి ఇచ్చే ఆమోదం ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది లైసెన్స్ కావాల్సిన సెట్టే. వాడకుండా బీరువాలో పెట్టుకున్నా తప్పించుకోలేం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమైనా, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమైనా రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడానికే అనుమతి లేదా మినహాయింపు ఉండాలంటాయి.

బజారులో దొరికేవాటితోనే చిక్కు. బీఎఫ్-888ఎస్ రకం సెట్లకు తెర ఉండదు, 1 నుంచి 16 దాకా తిరిగే నాబ్ ఒక్కటే. ఫ్యాక్టరీలో నింపి పంపే చానళ్లలో ఎక్కువ భాగం 462, 463 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలవి. అంటే పెట్టెలోంచి తీసి బటన్ నొక్కిన క్షణం నుంచే మినహాయింపు బయట ఉన్నట్టు. అందరి సెట్లలోనూ అవే చానళ్లు కాబట్టి పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మాటలు మన సెట్టులో వినపడుతుంటాయి. సెట్టులో ఏముందో తెలియాలంటే ప్రోగ్రామింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, చిర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చానళ్ల పట్టిక చదవాలి. ఆ పట్టికను 446కు మార్చేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తుంటారు. సరిపోదు. ఫ్రీక్వెన్సీ మారినా శక్తి తగ్గదు, మోడల్‌కు ఆమోదం రాదు.

యూవీ-5ఆర్ వంటి కీప్యాడ్ సెట్లు ఇంకా ప్రమాదం. అవి 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా ప్రసారం చేయగలవు. సముద్రంలో ఆపదలో ఉన్న పడవలు పిలిచే 16వ చానల్ 156.8 మెగాహెర్ట్జ్. ఉత్సవ కమిటీ కుర్రాడు సరదాకి అంకెలు నొక్కితే విశాఖలోనో కాకినాడలోనో ఆ చానల్‌లోకే దూరిపోవచ్చు.

అమెరికా నుంచి వచ్చే బంధువులు తెచ్చే ఎఫ్ఆర్ఎస్ సెట్ల, అంటే అక్కడ ఇంటివాళ్లు వాడుకునే చిన్న వాకీటాకీల సంగతీ అంతే. 462, 467 మెగాహెర్ట్జ్‌లో వాటి 22 చానళ్లకు అక్కడ లైసెన్స్ అక్కర్లేదు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అక్కడ కూడా అవే చానళ్ల మీద ఎక్కువ శక్తితో మాట్లాడే జీఎంఆర్ఎస్ అనే మరో రేడియో సేవకు 35 డాలర్లు కట్టి పదేళ్ల లైసెన్స్ తీసుకోవాలి. పరీక్ష ఉండదు, ఒక్క లైసెన్స్ కుటుంబమంతటికీ చెల్లుతుంది. అక్కడున్న మనవాళ్లు ఈ రెంటినీ ఒకటే అనుకోవద్దు.

హామ్ లైసెన్స్, అంటే అభిరుచి కోసం రేడియో వాడేవారికి ఇచ్చే లైసెన్స్ తీసుకుంటే పని అయిపోతుందన్నది మరో అపోహ. అందులో దిగువ స్థాయి అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు, పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్ సోమాజిగూడలోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వంటి చోట్ల నేర్పుతారు కూడా. కానీ ఆ లైసెన్స్ మనిషికి సంబంధించినది. సెట్టు పట్టుకున్న ప్రతి ఒక్కరికీ విడిగా ఉండాలి, పైగా వ్యాపార సంభాషణ నిషిద్ధం. క్యాటరింగ్ వాళ్లను పిలవడానికి హామ్ బ్యాండు వాడకూడదు.

డబ్బా మీద రాసే ‘10 కిలోమీటర్ల’ మాట నమ్మి ఎక్కువ శక్తి సెట్లు కొంటున్నారు. యూరప్‌లో ఇదే 446 బ్యాండుకు అర వాట్ శక్తి పరిమితి, యాంటెన్నా ఊడదీయడానికి వీల్లేదు. అలాంటి సెట్టు కాంక్రీటు గోడల మధ్య కొన్ని వందల మీటర్లు, అడ్డు లేని పొలంలో కిలోమీటరు, ఆపైన కాస్త అందుకుంటుంది. మండపానికి, అపార్ట్‌మెంటుకు అది చాలు. అది సరిపోని రైస్‌మిల్లులూ నిర్మాణ సంస్థలూ డబ్ల్యూపీసీకి దరఖాస్తు చేసి సొంత ఫ్రీక్వెన్సీ కేటాయించుకోవాలి. ‘ప్రైవసీ కోడ్’ ఉందని గుట్టు మాటలూ వద్దు. ఆ కోడ్ మన స్పీకర్‌ను ఇతరుల మాటలకు మూసి ఉంచుతుందంతే. మన మాటలు అందరికీ వినపడుతూనే ఉంటాయి.

2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 ఈ-కామర్స్ సంస్థలకు నోటీసులిచ్చింది. వాకీటాకీల అమ్మకానికి మార్గదర్శకాలూ అప్పుడే వచ్చాయి. అమ్మకం పేజీలో ఫ్రీక్వెన్సీ, ఆమోదం వివరాలు చూపాలన్నది వాటి సారాంశం. మరి వీధి దుకాణం సంగతో? అక్కడి డబ్బా మీద కూడా ఫ్రీక్వెన్సీ, ఈటీఏ నంబరు, లైసెన్స్ కావాలో వద్దో తెలుగులో రాసి ఉండాలి. పోలీసులు మండపాలకు ఆన్‌లైన్‌లో అనుమతి ఇచ్చేటప్పుడే దరఖాస్తులో వాకీటాకీ మోడల్, ఫ్రీక్వెన్సీ అడిగే ఒక గడి పెట్టడం పెద్ద పనేమీ కాదు. నిమజ్జనం రోజు సెట్లు లాక్కోవడం కంటే అది మేలు.

ఈలోపు కొనేవారు ఈటీఏ సర్టిఫికెట్ అడిగి, అందులోని మోడల్ నంబరు సెట్టు వెనుక ఉన్నదీ ఒకటేనా, ఫ్రీక్వెన్సీ 446.0–446.2 అనే ఉందా చూసుకోవాలి. ఛార్జర్ మీది బీఐఎస్ (జాతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు రేడియోకు అనుమతి కాదు. ‘లైసెన్స్ అక్కర్లేదు’ అని చెప్పి వేరే సెట్టు అంటగడితే బిల్లు దాచి, బటన్ నొక్కకుండా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

— ఒక హామ్ ఆపరేటర్, విజయవాడ