ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఒక ఖాళీ కాగితం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి వార్తాలేఖలో పరీక్షల గురించి రాయాలి. అది చివర్లో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ముందు ఇంకో సంగతి.

పోయిన వారం మన పాత విద్యార్థి ఒకడు ఏదో సర్టిఫికెట్ నకలు కోసం వచ్చాడు. పనైపోయినా కుర్చీలోంచి లేవలేదు. "మాకు బాబు పుట్టాడు మేడమ్" అన్నాడు. కాసేపాగి, "రాత్రి మూడింటికి వాణ్ని భుజాన వేసుకుని తిరుగుతుంటే మా అమ్మ గుర్తొస్తోంది. నన్నెత్తుకుని తను ఎన్ని రాత్రులు అలా తిరిగిందో! నాకు ఒక్కటీ గుర్తులేదు" అన్నాడు.

గుర్తుండదు మరి. పెద్దయ్యాక మనకు మిగిలే తొలి జ్ఞాపకాలు మామూలుగా మూడు, మూడున్నరేళ్ల వయసువి. అంతకుముందువి దాదాపుగా చెరిగిపోతాయి. మీరు పడ్డ చాకిరీలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఎవరి కోసమో, వాళ్లకే అది తెలియదు. అలాగని అది ఎక్కడికీ పోలేదు. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం కుదిరిన పసివాడే ధైర్యంగా దూరం వెళ్లి ఆడుకుంటాడని, పసిపిల్లల మనసును అధ్యయనం చేసిన జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ ఏనాడో చెప్పారు. నేనది ఏటా మన నర్సరీ గుమ్మం దగ్గర చూస్తాను. అమ్మ వేలు వదిలి రెండడుగులు వేసి, ఒక్కసారి వెనక్కి తిరిగి, ఆమె ఇంకా అక్కడే ఉందని చూసుకుని లోపలికి పరుగెత్తే పిల్లలుంటారు. ఆ ఒక్క చూపు కోసం నేను కూడా పని మానుకుని అక్కడ నిలబడతాను.

ఇక నా సంగతి. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కల్లో నూటికి 31 వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు రెండు రోజులు సంచిలోనే దాచాను. మూడో రోజు నాన్న ముందు పెట్టాను. ఆయన పెన్ను పేపరు అంచు మీద గీసి చూసుకుని, ఎప్పటిలాగే గుండ్రంగా సంతకం పెట్టి, "సంతకం అయిపోయింది, ఇక భయం లేదు. ఆన్సర్ పేపరు తీసుకురా, ఎక్కడ పోయాయో చూద్దాం" అన్నారు. ముందు సంతకం, ఆ తర్వాతే లెక్కలు. ఆ వరసలో ఎంత దయ ఉందో నాకు టీచరునయ్యాక గానీ అర్థం కాలేదు. మూడో లెక్క దగ్గర ఇద్దరం ఆగిపోయాం. "నాకూ రావట్లేదు. రేపు మీ టీచర్ని అడిగొచ్చి నాకు చెప్పు" అన్నారు. మర్నాడు చెప్పాను. నిజంగానే రాలేదో, రానట్టు నటించారో ఇప్పటికీ తెలియదు. అడిగితే నవ్వేస్తారు. అందుకే లెక్కల టీచరునయ్యానని చెబితే కథ అందంగా ఉంటుంది గానీ, అంత సూటిగా జరగలేదు.

అయితే ఆ సాయంత్రం నాకెంత విలువైనదో ఆయనకు ముప్పై ఏళ్లు చెప్పలేదు. ఇంట్లోవాళ్లకు కృతజ్ఞతలు చెబితే వాళ్లను పరాయివాళ్లను చేసినట్టే అనుకునేదాన్ని. తర్వాత రెండు విషయాలు చదివాను. ఎప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోని మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చినవారిలో ఆ సంతోషం దాదాపు నెల రోజులు నిలిచిందని మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం ఒకటి. రెండోది 2018 నాటిది, అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులది. ఇలాంటి ఉత్తరం అందుకున్నవాళ్లు ఇబ్బంది పడతారేమోనని రాసేవాళ్లు అతిగా ఊహించుకుంటారట. వాళ్లెంత ఆశ్చర్యపోతారో, ఎంత ఆనందిస్తారో మాత్రం తక్కువగా అంచనా వేస్తారట. నా సంకోచానికి అచ్చులో సమాధానం దొరికినట్టయింది.

రాశాను. ఒక పేజీ. నాన్న కళ్లజోడు పెట్టుకుని చదివి, "నీ చేతిరాత బాగా పాడైంది" అన్నారు. అంతే. మర్నాడు చూస్తే ఆ కాగితం నాలుగు మడతలతో ఆయన కళ్లజోడు పెట్టెలో ఉంది.

అందుకే ఈ లేఖతో పాటు ఒక ఖాళీ కాగితం పంపుతున్నాను. అది పిల్లలకు కాదు, మీకు. మీరూ ఒకరి పిల్లలే కదా. "నా కోసం ఎన్నో త్యాగాలు చేశారు" అని రాయకండి, ఎవరికైనా సరిపోయే మాట అది. ఒక రోజును, ఒక గదిని, వాళ్లన్న ఒక్క మాటను రాయండి. అందరి అమ్మానాన్నలూ ఒకేలా ఉండరని నాకు తెలుసు. ఆ చోట నిలబడింది అమ్మమ్మో, అన్నయ్యో, పక్కింటి పిన్నిగారో అయితే వాళ్లకే రాయండి. రాయాల్సిన మనిషి ఇప్పుడు లేకపోతే, రాసి మీ పిల్లలకు చదివి వినిపించండి.

ఇక పరీక్షల సంగతి: ప్రోగ్రెస్ కార్డులు ఈ శనివారం ఇస్తాం. సంతకం చేసి సోమవారం లోపు పంపండి. ఖాళీ కాగితం మాత్రం బడికి పంపనక్కర్లేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు