ప్లానుతోపాటే నీటి లెక్కా తేల్చాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

భోగాపురం విమానాశ్రయం, తర్లువాడ వైపు రానున్న గూగుల్ డేటా సెంటర్, రుషికొండ ఐటీ కొండపై టీసీఎస్‌కు 99 పైసలకు కేటాయించిన 21.16 ఎకరాలు... ఏ రోజు పత్రిక తెరిచినా విశాఖ గురించి ఇలాంటి కబురు ఒకటి కనిపిస్తూనే ఉంది. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న నాకూ అవి సంతోషం కలిగించేవే. 1933లో ఓడరేవు, తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం ఒకదాని వెనుక ఒకటి రాబట్టే ఈ ఊరు ఇంతయింది. మా పిల్లలు ఉద్యోగాలకని హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయారు. మనవల కాలానికైనా ఆ అవసరం తప్పితే అంతకన్నా కావలసిందేముంది? అయితే ఈ కబుర్ల ఊపులో కొమ్మాది నుంచి ఆనందపురం దాకా లేస్తున్న భవనాలకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు మాత్రం ఎక్కడా జవాబు దొరకడం లేదు.

మధురవాడలో మాది అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. కొన్నప్పుడు బిల్డరు చూపించిన బ్రోచరులో ఇరవై నాలుగు గంటలూ నీరు అని ఉంది. ఆ నీరు రెండు బోర్లదని తర్వాత తెలిసింది. చుట్టుపక్కల స్థలాల్లోనూ భవనాలు లేచి, ఎవరి బోరు వారు ఇంకా లోతుకు దించాక, మా బోర్లు ఫిబ్రవరి దాటితే గాలి ఊదుతున్నాయి. తెల్లవారుజామున ఐదింటికి ట్యాంకరు రివర్సులో గేటు దగ్గరికి వస్తుంది. వాచ్‌మన్ సంపు మూత తీసి, వెదురు కర్ర ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో చూసుకుని గొట్టం దించుతాడు. మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమన్నది ప్రభుత్వ ప్రమాణమే. ఇంటికి నలుగురేసి చొప్పున మా ఒక్క భవనానికే రోజుకు 32,400 లీటర్లు కావాలి, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు దాటుతాయి. సముద్రం కనిపిస్తుందంటే అడుగుకు అదనంగా కట్టిన మేము నీళ్ల సంగతి గట్టిగా అడగలేదు. అందులో నా తప్పూ ఉంది.

విశాఖకు తనదంటూ పెద్ద నది లేదు. నగరానికి నీళ్లిచ్చే తాటిపూడి జలాశయం విజయనగరం జిల్లాలో, రైవాడ జలాశయం అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ఏలేరు నీళ్లు కాకినాడ జిల్లా నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి రావాలి. మనకు దగ్గర్లో ఉన్నవి మేహాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాలు. ఇవన్నీ వానను నమ్ముకున్నవే. రైవాడ నీళ్లు తమ పొలాలకే దక్కాలని అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు, వారి మాటను తేలిగ్గా తీసిపారేయలేము. పోలవరం ఎడమ కాలువ నీళ్లు వస్తే కష్టం గట్టెక్కుతుందంటున్నారు గానీ, ఫ్లాట్లు మాత్రం ఆ కాలువ కోసం ఆగి అమ్ముడుపోవడం లేదు. డేటా సెంటర్ల యంత్రాలను చల్లబరచడానికి ఎంత నీరు కావాలో, దాన్ని ఎక్కడి నుంచి ఇస్తారో కూడా జనానికి ముందే చెప్పాలి.

ఇసుకా మనకు బయటి నుంచే రావాలి, వంశధార, నాగావళి, గోదావరి ఇస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. 2019లో అది దొరక్క పనులు ఆగిపోయి, సెంట్రింగు కూలీలు, తాపీమేస్త్రీలు ఖాళీగా కూర్చున్నప్పుడు ఇదే నగరంలో పెద్ద ప్రదర్శన జరిగింది, ప్రభుత్వం ఉలిక్కిపడింది. ఇసుక లేకపోతే బిల్డరు నష్టపోతాడు కనుక గొంతు లేస్తుంది. నీళ్లు లేకపోయేది ఫ్లాట్లన్నీ అమ్ముడయ్యాక కనుక, అది ఏ అపార్ట్‌మెంటుకు ఆ అపార్ట్‌మెంటు చందాలు వేసుకుని సర్దుకునే గొడవగా మిగిలిపోతోంది.

నిర్మాణాలు ఆపమని నా కోరిక కాదు. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశాల నుంచి వచ్చి ఈ పనుల మీదే బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు. కొత్త చట్టం కూడా అక్కర్లేదు. అపార్ట్‌మెంటు ప్లాను మంజూరు చేసేటప్పుడు నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని బిల్డరు తనఖా పెట్టాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. నిబంధనలు పాటించి కట్టినట్టు తేలాకే ఆ తనఖా విడిపిస్తారు. కుళాయి కనెక్షనో, నికరమైన మరో నీటి వనరో చూపించాలని, ఇంకుడు గుంత కాగితం మీద గాక నేల మీద ఉందో లేదో అధికారి స్వయంగా చూడాలని అదే నిబంధనకు జతచేస్తే చాలు. ధరలు పెరుగుతాయని బిల్డర్లు అనవచ్చు. ఆ ధరను మేము ఇప్పుడు ట్యాంకర్లకు చెల్లిస్తూనే ఉన్నాం.

మీ విలేకరుల ద్వారా ఒక్క సాయం చేయగలరా? మధురవాడ జోన్‌లో గత ఏడాది ఎన్ని ఫ్లాట్లకు ప్లాన్లు మంజూరయ్యాయో, అదే ఏడాది ఈ జోన్‌కు రోజువారీ నీటి సరఫరా ఎన్ని లీటర్లు పెరిగిందో కనుక్కుని, ఆ రెండు అంకెలను పక్కపక్కన ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
మధురవాడ, విశాఖపట్నం