మన వెబ్‌సైటు గూగుల్‌లో ఇంకా సరిగ్గా ఎందుకు కనిపించట్లేదంటే

మా దగ్గర కారం కొనే అందరికీ నమస్కారం అండి. షాపుకొచ్చినవాళ్లు, వాట్సాప్‌లో ఆర్డరు పెట్టేవాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "వెబ్‌సైటు పెట్టామన్నారు, గూగుల్‌లో వెతికితే రావట్లేదేంటి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఉన్న సంగతంతా ఒకేసారి రాసేస్తున్నాను.

సైటు పనిచేస్తోంది. కవరు మీద అచ్చేసిన అడ్రసు టైపు చేస్తే తెరుచుకుంటుంది, ఆర్డరూ వస్తుంది. షాపు పేరుతో వెతికితే పైనే కనిపిస్తున్నాం. కానీ మా పేరు తెలియనివాళ్లు "ఆవకాయ కారం" అనో "గుంటూరు మిర్చి పౌడర్" అనో వెతికితే ఎక్కడో అడుగున ఉన్నాం. కొన్ని మాటలకైతే అసలు లేం. ఇందులో దాచడానికేం లేదు.

గూగుల్‌కి చెప్పడం ఎప్పుడో అయిపోయింది. అది పెద్ద పనేం కాదు. సెర్చ్ కన్సోల్ అని గూగుల్ వాళ్లదే ఒక ఉచిత సర్వీసు ఉంది. అందులో ముందు సైటు మనదేనని రుజువు చూపాలి. వాళ్లిచ్చిన అక్షరాల వరసను డొమైన్ (సైటు పేరు) కొన్నచోట సెట్టింగుల్లో అతికిస్తే సరిపోతుంది. తర్వాత సైట్‌మ్యాప్ ఇవ్వాలి. అంటే మన పేజీల అడ్రసులన్నీ వరసగా రాసిన ఫైలు. ఒక్కో ఫైల్లో 50,000 అడ్రసుల దాకా పెట్టుకోవచ్చు. కారాలు, పసుపు, ధనియాల పొడి, కూరకారం అన్నీ కలిపినా మన జాబితా ఫోను స్క్రీను దాటదు. టీ చల్లారేలోపు అయ్యే పని.

ఒకప్పుడు ఇంతకంటే తేలిక. 2018 దాకా ఎవరైనా వెళ్లి ఒక గడిలో వెబ్ అడ్రసు వేసి పంపే పేజీ గూగుల్‌కి ఉండేది, దాన్ని తీసేశారు. సైట్‌మ్యాప్ మారినప్పుడల్లా ఒక లింకు కొట్టి గూగుల్‌కి కబురు పెట్టే పద్ధతి ఉండేది, అది కూడా 2023లో ఆపేశారు. ఎవరు పంపుతున్నారో తెలియకుండా అలా వచ్చేవాటిలో చెత్తే ఎక్కువట. ఇప్పుడు ఫలానా సైటు ఫలానా వాళ్లదని తేలాకే మాట వింటారు. నాకైతే ఇదే న్యాయంగా ఉంది.

అయితే చెప్పడం వరకే మన చేతిలో ఉంటుంది. మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలినంత మాత్రాన ధర పలుకుతుందా? కొనేవాడు వచ్చి, టిక్కీలో చెయ్యిపెట్టి కాయ చూసి, తొడిమ చూసి, తేమ చూసి అప్పుడు మాట్లాడతాడు. ఇక్కడా అంతే. గూగుల్ వాళ్ల ప్రోగ్రామ్ వచ్చి పేజీలు చదవాలి, చదివాక తమ జాబితాలో (దాన్నే ఇండెక్స్ అంటారు) దాచుకోవాలో వద్దో తేల్చుకోవాలి, దాచుకున్నాక ఎవరు వెతికితే ఎన్నో నంబరులో చూపాలో చూసుకోవాలి. ఈ మూడూ వేరువేరు మెట్లు. సెర్చ్ కన్సోల్ తెరిస్తే మన పేజీల్లో కొన్నింటి పక్కన "చూశాం, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయలేదు" అని ఉంటుంది. అంటే చదివి పక్కన పెట్టారన్నమాట. మళ్లీ చూడమని అడగడానికి ఒక బటన్ ఉంది, దానికీ రోజువారీ పరిమితి ఉంది. అదేపనిగా నొక్కినా వాళ్లేం తొందరపడరు.

అసలు టైమంతా తిన్నది దానికి ముందు పని. చదవడానికి వచ్చేవాడికి సైట్లో చదవదగ్గ మాటలుండాలి కదా.

మన కవర్లు, ధరల పట్టీలు, పాంప్లెట్లు అన్నీ గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ (కంప్యూటర్లో అచ్చు పేజీ కట్టడం) చేయించినవే. డీటీపీ అంటే అను ఫాంట్లు. అచ్చులో ఆ అక్షరాల అందం వేరు, ఇప్పటికీ కవరుకి అవే కావాలంటాను. కానీ ఆ పద్ధతిలో కంప్యూటర్ లోపల ఉండేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంటు లేనిచోట అతికిస్తే అర్థంపర్థం లేని గీతలు, చుక్కలు వస్తాయి. వెతికేవాళ్లు ఫోనులో కొట్టేది యూనికోడ్ తెలుగు, అంటే ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాలు. ఈ రెండూ ఎక్కడా కలవవు. కన్వర్టర్లున్నాయి గానీ వాటిలో వేస్తే ఒత్తులు, వట్రసుడులు అటూఇటూ అవుతాయి. అందుకని ఆ పాత మేటరంతా మళ్లీ కొట్టించాం.

పాంప్లెట్‌నే ఫొటో తీసి పెట్టేస్తే పోయేది కదా అన్నారు చాలామంది. ఊళ్లో చాలా షాపుల సైట్లు అలాగే ఉంటాయి, ఒక పెద్ద బొమ్మ, అందులోనే పేర్లూ ధరలూ ఫోన్ నంబరూ. మనిషికి కనిపిస్తుంది. సెర్చ్ ఇంజనుకి మాత్రం అక్కడ ఉన్నది ప్రధానంగా ఒక ఫొటో. అందులోని అక్షరాలను పేజీలో రాసిన మాటల్లాగా లెక్కలోకి తీసుకుంటుందని నమ్మకం పెట్టుకోలేం. అందుకే ధర, బరువు, రకం, ఎలా పట్టిందీ అన్నీ మాటల్లో రాయించాను. ఫొటోల వెనక కూడా "తొడిమ తీసిన తేజా కాయ" అంటూ ఒక్కో వివరం పెట్టాం. ఇది చూపు లేనివాళ్లకి ఫోను చదివి వినిపించడానికీ పనికొస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ సంగతే.

రాయడం మొదలుపెట్టాక ఇంకో తలనొప్పి తేలింది. మన ఊరి పేరు, మన సరుకు పేరు కలిపి వెతుకుదామంటే 2024 సంక్రాంతికి అదే పేరుతో మహేష్‌బాబు సినిమా వచ్చింది. "గుంటూరు కారం" అని కొడితే పాటలు, ట్రైలర్లు, ఓటీటీ వివరాలు. ఆ వరసలో కిలోల లెక్కన కారం అమ్మేవాడికి చోటెక్కడిది? పోటీ పడే ఆలోచన కూడా మానేశాం. ఊరికి మంచి పేరే వచ్చింది, కాదనను. పోనీలే అని జనం నిజంగా ఏమని అడుగుతారో కౌంటర్ దగ్గర కూర్చుని రాసుకున్నాను. "ఆవకాయకి ఏ కారం", "రంగు ఎక్కువ ఘాటు తక్కువ", "పిల్లలకి కూరల్లోకి", "వెల్లుల్లి వేసిన కూరకారం", "అమెరికా పంపడానికి ప్యాకింగ్". ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ. మిర్చి రకాల్లో తేజా ఎందుకు మండుతుంది, బాడిగ ఎందుకు ఎర్రగా ఉంటుంది, ఆవకాయకి రెండూ ఏ పాళ్లలో కలుపుతాం, ఏసీ సరుకుకీ (కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయకీ) కొత్త కాయకీ రంగులో తేడా ఎలా ఉంటుంది, ఇవన్నీ రాశాను. ఇదివరకు నోటితో చెప్పినవే. మిగతా సైట్లలో ఉన్న పేరాని ఎత్తి పెట్టుకుంటే ఒక్క పూటలో అయిపోయేది. కానీ పది చోట్ల ఒకటే మేటరు కనిపిస్తే గూగుల్ వాటిలో ఒకటి ఎంచుకుని మిగతావి పక్కన పెడుతుంది. అది చిన్న షాపుని ఎంచుకుంటుందనే ఆశ నాకు లేదు.

జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) ఉన్న గుంటూరు సన్నం మిర్చి పేరు ప్రతి పేజీలోనూ వేసేయమని ఒకాయన సలహా ఇచ్చారు, ఆ మాటతో వెతికేవాళ్లు చాలామంది ఉంటారని. మా మిల్లులో ఎక్కువగా ఆడేది తేజా, 341 రకాలు. పట్టింది ఒకటైతే రాసేది ఇంకొకటా? వెయ్యలేదు.

పేజీల అడ్రసులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచాం. తెలుగులో పెట్టినా గూగుల్‌కి ఇబ్బంది లేదు గానీ, వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులు, అంకెలతో మూరెడు పొడుగు లింకు తయారవుతుంది. అది చూసి మోసం లింకనుకుని తెరవరు. ముందు డబ్ల్యూలు ఉన్నా లేకపోయినా ఒకే అడ్రసుకి వెళ్లేలా కూడా సరిచేశాం, లేకపోతే ఒకే పేజీ రెండు పేజీల్లా లెక్కకొస్తుంది. ఫొటోల సైజు తగ్గించాం. గూగుల్ ఇప్పుడు సైటుని మొబైల్లో కనిపించే తీరునే చూస్తుంది, మీలో ఎక్కువమంది తెరిచేదీ ఫోనులోనే.

ఇక చాలామంది అడిగిన భయం: "మా ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు గూగుల్‌లో పడతాయా?" పడవు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. సైటు కట్టింది మా మేనల్లుడు, వాడు నాకు చెప్పింది మీకు చెబుతున్నాను. రోబోట్స్ ఫైలు అని 1994 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఒకటి ఉంది. ఫలానా పేజీల జోలికి రావొద్దని అందులో రాస్తారు. మర్యాదగల సెర్చ్ ఇంజన్లు వింటాయి. కానీ అది విన్నపమే, తాళం కాదు. అక్కడ వద్దన్న పేజీని గూగుల్ తెరవదు గానీ, దాని లింకు ఇంకెక్కడైనా కనిపిస్తే ఆ అడ్రసు వరకు ఫలితాల్లో చూపించే అవకాశం ఉంది. పేజీ లోపల "ఇండెక్స్ చేయొద్దు" అని రాసిపెట్టే పద్ధతి ఇంకొకటుంది. అది పనిచేయాలంటే గూగుల్ ఆ పేజీ తెరిచి చదవాలి. అంటే రెండూ కలిపి పెడితే ఒకదానికొకటి అడ్డం. అందుకని మీ ఆర్డర్లు, అడ్రసులు ఉన్న పేజీలన్నీ లాగిన్ వెనక ఉంచాం. మీ ఫోనుకి వచ్చే ఓటీపీ లేకుండా అవి మనిషికీ తెరుచుకోవు, సెర్చ్ ఇంజనుకీ తెరుచుకోవు. సైటు కట్టేటప్పుడు నమూనా ధరలు వేసి ఉన్నన్నాళ్లూ మొత్తం సైటునే సెర్చ్‌లోకి రాకుండా సెట్టింగుల్లో టిక్కు పెట్టి ఆపి ఉంచాం, తెరిచిన రోజు ఆ టిక్కు తీసేశాం.

బింగ్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజనుకి కూడా సైటు వివరాలు ఇచ్చాం. సెర్చ్ కన్సోల్‌లో ఉన్న వివరాలు బింగ్ వాళ్ల వెబ్‌మాస్టర్ టూల్స్‌లోకి అలాగే తెచ్చుకోవచ్చు. యాహూ, డక్‌డక్‌గో ఫలితాలు చాలావరకు బింగ్ నుంచే వెళ్తాయి కాబట్టి వాటికి వేరే పని లేదు. పేజీ మారగానే కబురు పంపే ఇండెక్స్‌నౌ అనే పద్ధతి 2021 నుంచి బింగ్‌లో ఉంది, అదీ పెట్టాం. గూగుల్ దాన్ని వాడదు.

సైటు తెరిచిన దగ్గర్నుంచి గూగుల్లో పైకి తెస్తామనేవాళ్ల ఫోన్లు ఆగట్లేదు. "సార్, నెలలో మొదటి పేజీ, మొదటి నంబరు, గ్యారంటీ." మొదటి స్థానం ఎవరూ గ్యారంటీగా ఇప్పించలేరని గూగులే చెబుతోంది. డబ్బు తీసుకుని మామూలు ఫలితాల్లో పైకి జరిపే పని గూగుల్ చేయదు. డబ్బు కడితే వచ్చేవి ప్రకటనలు, వాటి మీద ప్రకటన అని రాసే ఉంటుంది. ఒకాయన "వంద కీవర్డ్స్ లోపల దాచి పెడతాం" అన్నారు. జనం వెతికే మాటలు పేజీ లోపల రాసే ఆ కీవర్డ్స్ ట్యాగును లెక్కలోకి తీసుకోవట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇంకొకరు వేల సైట్లలో మన లింకులు వేయిస్తామన్నారు. అలా కొన్న లింకులు నిబంధనలకు విరుద్ధం, ఉన్న కాస్త చోటూ పోతుంది. ఆ డబ్బుతో ఈ సీజన్‌కి ప్యాకింగ్ కవర్లు కాస్త మందంవి తెప్పించాను. కొరియర్లో చిరిగి కారం కారిపోయిందని మీరు చేసిన ఫిర్యాదులకి అదైనా పనికొస్తుంది.

మ్యాప్స్‌లో షాపు కనిపించడం వేరే సంగతి, దానికి వేరే ప్రొఫైల్ ఉంటుంది. బోర్డు, వీధి, లోపల మర కనిపించేలా వీడియో తీసి పంపితే ఒప్పుకున్నారు. కొత్తగా అడుగుతూ వస్తున్నవాళ్లలో సైటు చూసి వచ్చేవాళ్లకంటే మ్యాప్ చూసి వచ్చేవాళ్లే ఎక్కువ, ఉన్నమాట. అక్కడ రివ్యూ రాస్తే పావుకిలో ఫ్రీగా ఇస్తారా అని సరదాగా అడిగారు కొందరు. ఇవ్వమండి, అలా ఇవ్వడం వాళ్ల రూల్సుకి విరుద్ధం. కారం బాగుంటే బాగుందని, నలక వస్తే వచ్చిందని మీ ఇష్టప్రకారం రాయండి.

సెర్చ్ నుంచి కొత్త ఆర్డర్లు ఇప్పటికైతే పెద్దగా లేవు. ఆవకాయ సీజన్ నాటికి ఒకటో రెండో పేజీలు పైకొస్తాయేమో చూడాలి. రాకపోయినా సైటు ఉంటుంది, వాట్సాప్ ఆర్డర్లూ అలాగే నడుస్తాయి. సైటులోనే కొనాలని బలవంతం లేదు. ఫోన్ చేసి చెప్పినా రాసుకుంటాం.

ఒక్కటి మాత్రం గమనించండి. గూగుల్ ఫలితాల్లో మన పేజీ కింద కనిపించే ధర వాళ్లు చివరిసారి వచ్చి చూసినప్పటిది. యార్డులో రేటు మారితే మేం సైటులో అదే రోజు మారుస్తాం, గూగుల్ మళ్లీ ఎప్పుడు వచ్చి చూస్తుందో మా చేతిలో లేదు. కాబట్టి పేజీ తెరిచాక అందులో ఉన్నదే ధర. మీరు ఆర్డరు పెట్టిన తర్వాత రేటు పెరిగితే పెరిగినది మీ దగ్గర తీసుకోం, తగ్గితే తగ్గినంత కారం పొట్లంలో కలిపి పంపుతాం.