ప్రసూతి గదిలో మిడ్‌వైఫ్‌ను మార్చకండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు నమస్కరించి రాస్తున్న లేఖ. మిడ్‌వైఫ్‌ను, అంటే కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సును, ప్రసూతి గది నుంచి వేరే వార్డులకు మార్చవద్దన్నదే నా విన్నపం.

నొప్పులతో వచ్చిన స్త్రీ పక్కన రాత్రంతా ఉండి, పొట్టపై చేయి వేసి ఒక్కో నొప్పి ఎంతసేపు నిలుస్తోందో, రెండు నొప్పుల మధ్య ఎంత ఎడం ఉంటోందో గమనిస్తూ, అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని, కాన్పు సాగే తీరును నమోదు చేసే పార్టోగ్రాఫ్ అనే పటంలో గుర్తించే నేర్పు పుస్తకంతో వచ్చేది కాదు. అనుభవజ్ఞురాలి పక్కన నిలబడి పదుల కొద్దీ కాన్పులు చేస్తేనే అది చేతికి వస్తుంది. నాకు అలా పట్టుబడిన సమయానికే, నేను పనిచేసే ఆసుపత్రిలో రొటేషన్ పేరుతో నన్ను కంటి వార్డుకు మార్చారు. నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి నర్సింగ్ చదువు ముగిశాక ఒక్క కాన్పు కూడా చేయలేదు. ఒక రాత్రి మాయ పడిన తరువాత తల్లి గర్భసంచి గట్టిపడకుండా మెత్తగానే ఉండిపోయిన సంగతి ఆమె గుర్తించేసరికే పక్క రక్తంతో తడిసిపోయింది. డాక్టరు గారు పరుగున వచ్చి ఆ తల్లిని దక్కించారు. ఆ అమ్మాయిని నేను ఏనాడూ తప్పుపట్టలేదు. ఆమెను ఒంటరిగా అక్కడ నిలబెట్టిన పద్ధతినే తప్పుపడుతున్నాను.

కాన్పు తరువాతి రక్తస్రావం తల్లుల మరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటి. బిడ్డ పుట్టిన వెంటనే గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ మందు 10 యూనిట్లు ఇవ్వడం, ఆ మందును అంతవరకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో భద్రపరచడం, తరువాత గర్భసంచిని పదే పదే చేతితో తడిమి చూడటం, రక్తపోటు పెరిగి తలనొప్పి, కళ్లు మసకలు అంటున్న తల్లికి గుర్రపువాతం (ఫిట్స్) రాకముందే దాన్ని ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మందు అందేలా చూడటం ఖరీదైన యంత్రాలు అడిగే పనులు కావు. అవి అలవాటైన చేతులను, వదిలి వెళ్లని మనిషిని అడుగుతాయి. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్న మన సామెతలో ఆ నిలకడే ఉంది.

2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు మరణిస్తే మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45. ఇందుకు ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎం నర్సులకు చేతులెత్తి మొక్కాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు కాన్పుల్లో 96 శాతానికి పైగా ఆసుపత్రుల్లోనే జరిగినట్లు తేలింది. అదే సర్వేలో సిజేరియన్లు 42.4 శాతం. అంటే తల్లిని ఆసుపత్రి దాకా తేగలిగాము గాని, సహజ కాన్పుకు కావలసిన ఓపికను, తోడును అక్కడ అందరికీ ఇవ్వలేకపోతున్నామని నా అభిప్రాయం. పెద్ద ఆపరేషన్ అవసరమైన తల్లికి అది ప్రాణదానమే. అవసరాన్ని సకాలంలో పసిగట్టి డాక్టరును పిలవడం కూడా మిడ్‌వైఫ్ విద్యలో భాగమే కనుక, ఆమె రాకను వైద్యులకు పోటీగా ఎవరూ భావించనక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులోనే మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసి, నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణను, మిడ్‌వైఫ్‌లే నడిపే ప్రసూతి విభాగాలను నిర్దేశించింది. పొరుగున తెలంగాణ అంతకు ముందే, 2017లోనే, శిక్షణ మొదలుపెట్టింది. అయితే శిక్షణ ముగించుకున్న మనిషిని మళ్లీ సాధారణ నర్సుల జాబితాలో కలిపి ఏ వార్డుకైనా పంపే వీలు ఉన్నంతకాలం ఆ 18 నెలల శ్రమ తల్లులకు దక్కదు. అందుచేత మిడ్‌వైఫ్‌కు ప్రత్యేక హోదా, జీతం, పదోన్నతి మార్గం కల్పించి, ఆమె సమ్మతి లేనిదే ప్రసూతి గది నుంచి కదపరాదని ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. ఉత్తరాంధ్ర నలుమూలల నుంచి క్లిష్టమైన కాన్పులు వచ్చే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోను, తరతరాలుగా ఈ ఊరి ఆడవాళ్లు పురుడు పోసుకుంటున్న ఘోషా ఆసుపత్రిలోను ఇది ముందుగా అమలు కావాలి. పాడేరు, ముంచంగిపుట్టు మన్యం వైపు మరీ అవసరం. డోలీలో కొండ దిగి వచ్చిన గర్భిణికి మొదటి ఆరోగ్య కేంద్రంలోనే ఆమె భాష తెలిసిన మిడ్‌వైఫ్ ఎదురైతే, విశాఖ దాకా సాగే ఆ ప్రయాణం చాలామందికి తప్పుతుంది. గిరిజన యువతులకే ఈ శిక్షణలో చోటు కల్పించడం అందుకు దగ్గర దారి.

నాతోపాటు పదవీ విరమణ చేసిన మరికొందరు నర్సులు కూడా ఈ నగరంలోనే ఉన్నారు. కొత్తగా వచ్చే అమ్మాయిల పక్కన రాత్రి డ్యూటీల్లో నిలబడి పని నేర్పడానికి, గౌరవ వేతనం లేకుండానే, మేము సిద్ధంగా ఉన్నాము. తమరు అనుమతి ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
విశాఖపట్నం