నాయినా, ఆ బొమ్మలెందుకు తీస్తున్నానంటే

సిన్సినాటి, ఒహాయో

నాయినకు, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టిందని చెల్లె చెప్పింది, మనసు తేలికపడింది. చిన్నోడికి బడి మొదలైంది. పొద్దున్నే బస్సు పట్టుకోవాలి కాబట్టి ఇంట్లో రోజూ ఒకటే హడావిడి.

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాటకు జవాబు బాకీ పడ్డాను. "మంచి కెమెరా కొన్నవు గదా, మనుషులను తియ్యక ఆ బొమ్మలేంది, పురుగులేంది, బంగళాలేంది?" అన్నావు. అది ఫోన్లో రెండు మాటల్లో తేలే ముచ్చట కాదు. ఇన్నేళ్లు బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పినవాడివి, రాస్తే నీకంటే బాగా ఎవరికీ అర్థం కాదని తీరిగ్గా కూర్చున్నాను.

ఆ మూడింట్లోనూ నేను వెతికేది ఒకరినే. సూపర్ హీరోను.

ముందు బొమ్మ సంగతి. చిన్నోడి దగ్గర ఆరంగుళాల సూపర్‌మ్యాన్ ఒకడున్నాడు. ఆరడుగుల మనిషిని పన్నెండో వంతుకు తగ్గిస్తే వచ్చే కొలత అది. నిలబడి చూస్తే ఉత్త ప్లాస్టిక్ బొమ్మ. అదే నేల మీద బోర్లా పడుకుని, లెన్సును వాడి మోకాళ్ల ఎత్తుకు దించి చూస్తే గడ్డం కిందిభాగం కనబడుతుంది, ఛాతీ విప్పారుతుంది, తల వెనక కిటికీ అద్దం కాకుండా ఆకాశం వస్తుంది. నువ్వు బోర్డు మీద మొదట చాక్‌పీసుతో ఒక అడ్డగీత గీసేవాడివి, "ఇది మీ కంటి ఎత్తురా, ముందు దీన్ని ఖాయం చేసుకోండి" అని. ఆ గీతను కిందికి దించి అదే మనిషిని మళ్లీ గీసి, ఎట్లా పెద్దవాడయ్యాడో చూపించేవాడివి. నేనిక్కడ పడుకుని చేస్తున్న పని అదే.

దగ్గరినుంచి తీసేటప్పుడు వచ్చే చిక్కు ఫోకస్‌ది. ముక్కు స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. ఆ మసక చూడగానే ఇది చిన్న వస్తువని మన కన్ను పట్టేస్తుంది. అందుకని ఎపర్చర్‌ను, అంటే లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 11 అనే కొలత దాకా మూసి, కెమెరాను స్టాండుకు బిగించి, షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతాను. అదీ చాలకపోతే ఫోకస్‌ను వెంట్రుకవాసి జరుపుతూ వరసగా తీసి, కంప్యూటర్లో అన్నింటినీ ఒకే ఫొటోగా కలుపుతాను. బొమ్మ కదలదు కాబట్టి ఓపిక ఉంటే చాలు.

వీపు మీది ఎర్రగుడ్డ మాత్రం చాలా కష్టపెట్టింది. మామూలు నూలుగుడ్డ కడితే లెన్సులో పడుగూ పేకా విడివిడిగా కనబడి గోనెపట్టాలా ఉంటుంది. పైగా అంత చిన్నముక్కకు బరువుండదు, భుజాల మీంచి కిందికి జారదు, బిర్రుగా నిలబడుతుంది. చివరికి మీ కోడలి పాత పట్టు చున్నీలోంచి ఒక ముక్క కత్తిరించి, అంచు మడిచి, ఆ మడతలో సన్నటి రాగితీగ పెట్టి కుట్టాను. ఇప్పుడు తీగను ఎటు వంచితే గుడ్డ అటు ఎగురుతుంది. వెనకనుంచి చిన్న టార్చి వేస్తే పట్టు అంచు వెంబడి వెలుగు గీత పడుతుంది. ముందు ఒక ఊదుబత్తి వెలిగిస్తే ఆ పొగలో టార్చి వెలుతురు చారలుగా కనబడుతుంది. ఆ ఫొటోనే నీకు పంపాను. "ఇది సినిమాల బొమ్మనా?" అని అమ్మ అడిగిందట గదా, ఆ మాట విన్నరోజు నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక పురుగులు. 2025 మే నెలలో ఈ ఊరి తూర్పు వైపు చెట్లన్నీ ఒకటే రొద. సికాడా అని ఒక పురుగు, మన కీచురాళ్ల కంటే ఎన్నో రెట్లు గోల చేస్తుంది. ఈ రకం పిల్లపురుగుగా మట్టిలోకి దిగితే 17 ఏళ్లు అక్కడే వేళ్ల రసం తాగుతూ బతుకుతుంది. 2008లో వచ్చినవాటి పిల్లలే ఇవి. జానెడు లోతున మట్టి దాదాపు 18 డిగ్రీలకు వేడెక్కగానే లక్షలకొద్దీ ఒకేసారి పైకొస్తాయి.

చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాను. గోధుమరంగు పిల్లపురుగు ఒకటి బెరడు ఎక్కి, పట్టు దొరికిన చోట గోళ్లు నాటుకుని ఆగింది. కాసేపటికి వీపు మధ్యన నిలువునా పగిలింది. ఆ పగులులోంచి ముందు తెల్లటి వీపు ఉబ్బింది, తర్వాత తల వచ్చింది. కళ్లు ఎర్రగా, వాటి వెనక రెండు నల్లటి మచ్చలు. ఒళ్లంతా వెనక్కి వాల్చి తలకిందులుగా వేలాడి, ఒక్కసారిగా పైకి లేచి పాత తోలునే పట్టుకుని తోక ఊడబెరుక్కుంది. భుజాల దగ్గర రెక్కలు అప్పటికి నలిగిన కాగితం ఉండలే. వాటి నరాల్లోకి నీరు ఎక్కుతున్నకొద్దీ ఒక్కో మడతా విప్పుకుని వీపు మీదుగా జారాయి. తెల్లారేసరికి ఒళ్లు నల్లబడింది, రెక్కల నరాలు నారింజరంగుకు తిరిగాయి. ఆఫీసు బట్టల కింద ఇంకో వేషం దాచుకుని తిరిగే వీరుడి కథ ఇక్కడి పిల్లలందరికీ వచ్చు. నేను దాన్ని చెట్టు బెరడు మీద కళ్లారా చూశాను నాయినా.

మా వంటింటి కిటికీ దగ్గర ఇంకొకడున్నాడు. సాలీడును పురుగుల్లో లెక్కేయకూడదు, దానికి ఎనిమిది కాళ్లు. అయినా వాణ్ని వదలబుద్ధి కాలేదు. చిటికెన గోరంత ఉంటాడు, నల్లటి ఒళ్లు, వీపు మీద తెల్లమచ్చలు, నోటి ముందు కోరలు నిగనిగలాడే ఆకుపచ్చ. వేట కోసం గూడు అల్లడు, దూకి పట్టుకుంటాడు. దూకే ముందు నిలబడ్డ చోట ఒక దారం అంటించుకుంటాడు, గురి తప్పితే దాన్ని పట్టుకుని వెనక్కి ఎక్కడానికి. స్పైడర్‌మ్యాన్‌ను 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో పుట్టించారు. దారం పట్టుకుని దూకడంలో మాత్రం ఈ కిటికీవాడే వాడికి తాత. అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఏమిటంటే, లెన్సు దగ్గరికి తెస్తే పారిపోడు. ఒళ్లు మనవైపు తిప్పి, ముందున్న రెండు పెద్దకళ్లతో నేరుగా మనల్నే చూస్తాడు. ఫ్లాష్ నేరుగా కొడితే ఆ కళ్లలో చుక్క మాత్రమే పడుతుంది. ఫ్లాష్ ముందు తెల్లకాగితం వంచి కడితే వెలుగు మెత్తబడి, ఆ కంట్లో మా కిటికీ మొత్తం కనబడింది.

బలం మాటకొస్తే మన చెలకలోని పేడపురుగు కూడా తక్కువదేం కాదు. దాని చుట్టం ఒకటి, తల మీద ఎద్దుకొమ్ముల వంటి రెండు కొమ్ములున్నది, తన బరువుకు 1,141 రెట్లు లాగగలదని 2010లో పరిశోధకులు కొలిచి చెప్పారు. డెబ్బై కిలోల మనిషికి ఆ బలముంటే దాదాపు 80 టన్నులు లాగుతాడు.

బంగళాల గురించి అడిగావు. మా ఊళ్లో యూనియన్ టెర్మినల్ అని 1933లో తెరిచిన రైల్వే స్టేషన్ ఉంది, ఇప్పుడందులో మ్యూజియాలున్నాయి. ముందుభాగం మొత్తం ఒకే సగం గోపురం. లోపల వెడల్పు 180 అడుగులు, ఎత్తు 106 అడుగులు. 1973లో టీవీలో వచ్చిన 'సూపర్ ఫ్రెండ్స్' కార్టూన్లో వీరులందరూ కూర్చుని మాట్లాడుకునే భవనాన్ని దీన్ని చూసే గీశారు. సాయంత్రం దీపాలు పెట్టాక ముందున్న నీళ్ల ఫౌంటెన్ దగ్గర గట్టు మీద మన ఆరంగుళాలవాణ్ని నిలబెట్టి, లెన్సు గట్టుకు ఆనించి చూస్తే, ముందు బొమ్మ, వెనక భవనం ఒకే ఎత్తుకు వచ్చేశాయి. వాడు ఇంట్లోంచి ఇప్పుడే బయటికి వచ్చినట్టే ఉంది. ఒక మాట చెప్పనా, ఈ ఫొటోకు నా పెద్ద కెమెరా కంటే నీ ఫోనే నయం. ఫోన్లో సెన్సార్, అంటే వెలుతురును పట్టే పలక, చిన్నది కాబట్టి దగ్గరిదీ దూరందీ రెండూ చాలావరకు స్పష్టంగా పడతాయి.

ఎండాకాలం సెలవుల్లో క్లీవ్‌ల్యాండ్ పోయొచ్చాం, ఇక్కడికి కార్లో నాలుగు గంటలు. 1938లో మొదటిసారి అచ్చయిన సూపర్‌మ్యాన్‌ను తయారుచేసింది ఆ ఊరి కుర్రాళ్లే. కథ జెర్రీ సీగల్‌ది, బొమ్మలు జో షూస్టర్‌వి. ఇద్దరివీ బయటినుంచి వలస వచ్చిన కుటుంబాలు. షూస్టర్ ఉన్న ఇల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలం కంచె మీద ఆ మొదటి కథ పేజీలను పెద్దవిగా చేసి పెట్టారు. మామూలు ఇళ్ల మధ్య వీధిలో నడుస్తూ ఒక్కో పేజీ చదువుకోవచ్చు.

అక్కడ నిలబడి చదువుతుంటే నాకు మన ఊరి చెరువుకట్ట కింది వీరగల్లు గుర్తొచ్చింది. నిజంగా చెప్తున్నా. ఆ రాయిలో కింది గడిలో వీరుడు కత్తి పట్టి పోరాడుతుంటాడు, మధ్య గడిలో అప్సరసలు ఇద్దరు అతన్ని చెరో పక్క పట్టుకుని ఎత్తుకుపోతుంటారు, పై గడిలో శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. గడి తర్వాత గడిగా కథ. ఆ చెక్కినవాడికి కాగితం లేదు, రంగు లేదు, పేరు కూడా మిగల్లేదు. అయినా కాళ్లు ఎడంగా పెట్టి, మోకాలు వంచి, ఛాతీ ముందుకు తెచ్చి నిలబెట్టాడు. నేను చిన్నోడి బొమ్మను ఎట్లా నిలబెట్టాలా అని తన్నుకుంటుంటే దొరికిన భంగిమ కూడా అదే. మనవాళ్లు పసుపూ కుంకుమా పెట్టి మొక్కుతారు గానీ ఆ చేతి పనితనాన్ని దగ్గరగా చూసేవాళ్లు తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది.

ఇంకోటి పానగల్లు. నన్ను సైకిల్ మీద ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయి, లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా ఉండే స్తంభం నీడ చూపించావు. ఆ నీడకు ఎదురుగా స్తంభం లేదు. గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు, చెదిరిన వెలుతురే మండపం స్తంభాల మధ్యనుంచి లోపలికి పోయి నీడను పుట్టిస్తుంది. అందుకే సూర్యుడు నడిచినా అది నడవదు. ఆ సీమను ఏలిన కందూరు చోడుల కాలపు శిల్పులు వెలుతురును అంత బాగా ఎరిగినవాళ్లు. బ్యాట్‌మ్యాన్ కథల్లో మబ్బు మీద గబ్బిలం నీడ పడగానే ఊరంతా వాడొస్తున్నాడని తెలుసుకుంటుంది. అట్లాంటి నీడ కోసం బొమ్మకు రెండు పక్కలా తెల్ల థర్మాకోల్ ముక్కలు నిలబెట్టి, దీపాన్ని వాటి మీదికి తిప్పి తీశాను. గోడ మీద మెత్తటి నీడ పడింది. ఎవరు నేర్పారంటే పానగల్లు పేరే చెప్తాను.

ఇప్పుడు నీతో పని. వీరగల్లును నీ ఫోన్లో తీసి పంపు. మిట్టమధ్యాహ్నం వద్దు, అరిగిన చెక్కడం కనబడదు. పొద్దున ఎండ పక్కనుంచి గీరుతున్నట్టు పడే వేళకు పో. ఫోన్‌ను తలకిందులు చేసి లెన్సు నేలకు దగ్గరగా వచ్చేట్టు పట్టుకో, వంగడం కష్టమైతే పక్కింటి పిల్లగాణ్ని తీసుకుపో. తొలకరి పడ్డాక చెలకలో ఆరుద్ర పురుగు కనబడితే దాన్నీ తియ్యి, ఆ ఎర్రటి మఖమల్ చిన్నోడికి చూపించాలి. నేను వచ్చినప్పుడు మనుషులను కూడా తీస్తాను. మొదటి ఫొటో నీదే, ఆ రాయి పక్కన నిలబెట్టి, కింది నుంచి.

అమ్మకు ఒక మాట చెప్పు. మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు పోతే హనుమంతుడి గద ఒకటి తెమ్మను. పిల్లలు పట్టుకునే పెద్దది కాదు, బెత్తెడుకు మించకూడదు. ఆరంగుళాలవాడి చేతికి సరిపోవాలి. చెల్లె ఇక్కడికి వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపిస్తానంది.

ఆరోగ్యం జాగ్రత్త. బీపీ మాత్ర మరవొద్దు.

మీ కొడుకు