నివాసుల సంఘం వార్షిక నివేదిక: నీటిగుంట, తొర్ర చెట్టు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గ సమావేశాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద నడిచాయి. మన వెనక నీటిగుంట, పాత తొర్ర చెట్టు ఉన్న ఖాళీ స్థలంలో రాబోయే నిర్మాణం, దానికోసం జరిగిన జీవజాతుల సర్వే. వీధి దీపాలు, డ్రైనేజీ పనులు సజావుగానే సాగాయి. జమాఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా పంపారు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ స్థలానికే ఇస్తున్నాను.

నిర్మాణం వద్దని మనం ఎప్పుడూ అనలేదు. ఇళ్లు కావాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ ఏమేం బతుకుతున్నాయో సరిగ్గా చూసి, ఆ తర్వాత ప్లాను గీయమని మాత్రమే అడిగాం. మన చేతికొచ్చిన మొదటి సర్వే రిపోర్టులో ‘రక్షిత జాతులేవీ కనిపించలేదు’ అని రాశారు. తేదీ చూస్తే నడి వేసవి, వేళ చూస్తే మధ్యాహ్నం, వెళ్లింది ఒక్కసారి. గుంట నెర్రెలిచ్చినప్పుడు కప్పలు మట్టిలో ఉంటాయి. గబ్బిలాలు చీకటి పడితే గానీ బయటికి రావు. ఇక ఏం కనిపిస్తాయి?

ఒక చిన్న లెక్క చెబితే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఒక జీవి అక్కడే ఉందనుకుందాం. వెళ్లిన ప్రతిసారీ అది కంటపడే అవకాశం నూటికి 30 అనుకుందాం. ఒక్కసారే వెళ్తే నూటికి 70 సర్వేల్లో అది తప్పించుకుంటుంది. నాలుగుసార్లు వెళ్తే ఆ 70 కాస్తా 24కి, ఎనిమిదిసార్లు వెళ్తే సుమారు 6కి దిగుతుంది. అందుకే మంచి సర్వేలో ఏం దొరికిందనే దానితో పాటు ఎన్నిసార్లు, ఏ రుతువులో, ఏ వేళకి వెళ్లారో కూడా రాస్తారు.

తొలి వానలు పడ్డ మర్నాటి సాయంత్రం మన సభ్యులు కొందరు టార్చిలు పట్టుకుని గుంట దగ్గరికి వెళ్లారు. కప్పల అరుపుల్లో పక్క మనిషి మాట వినపడలేదు. గట్టున గడ్డి మొదట్లో సబ్బు నురగ లాంటి ముద్ద ఒకటి కనిపించింది. కొన్ని జాతుల కప్పలు గుడ్లు పెట్టేది ఆ నురగలోనే. చేతులు పెట్టకుండా ఫొటో తీసి, తేదీ, టైము రాసుకుని వచ్చేశాం. పాత చెట్టు తొర్ర అంచు నల్లగా జిడ్డు పట్టి ఉంది. కింద ఎలుక పెంటికల్లాంటివి రాలి ఉన్నాయి. వాటిని పుల్లతో నలిపితే పొడి పొడి అయిపోయి, పురుగుల రెక్కల ముక్కలు మెరిశాయి. పురుగులు తినే గబ్బిలాల రెట్టకు గుర్తు అదే, ఎలుకదైతే గట్టిగా ఉంటుంది. ఏ జాతివో తేల్చడం మన పని కాదు. గబ్బిలాల అరుపులు చాలావరకు మన చెవికి అందని స్థాయిలో, అంటే 20 కిలోహెర్ట్జ్‌కు పైన ఉంటాయి. వాటిని డిటెక్టరుతో రికార్డు చేసి నిపుణులే చెప్పాలి.

ఎవరి కంటా పడకపోవడం ఎంతకాలం సాగగలదో కలివికోడి కథ చెబుతుంది. 1900 తర్వాత జాడ లేక, అంతరించిపోయిందనే అనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అది రాత్రి తిరిగే పక్షి. అందుకే తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, దాని అడుగుల గుర్తుల కోసం వెతికారు. ఇప్పుడు చెంబెడు నీళ్లు తీసుకుని అందులో జీవులు వదిలిన డీఎన్‌ఏను పరీక్షించే పద్ధతి కూడా వచ్చింది. ఫ్రాన్స్‌లో బుల్‌ఫ్రాగ్ కప్ప జాడను అలా పట్టిన అధ్యయనం 2008లో వచ్చింది.

మన ఫొటోలు, నోట్సు జతచేసి అభ్యంతరం దాఖలు చేశాం. సరైన రుతువులో మళ్లీ సర్వే చేయాలని అధికారులు చెప్పారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. కప్పల్ని పట్టుకెళ్లి వేరే గుంటలో వదిలేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. కార్యవర్గం దాన్ని ఒప్పుకోలేదు. ముందు గుంటను, చెట్టును తప్పించి ప్లాను వేయగలరేమో చూడాలి. కుదరకపోతే నష్టం తగ్గించాలి. వేరేచోట పరిహారంగా ఏదైనా చేయడం ఇంకే దారీ లేనప్పుడే. ఈ వరస తిరగబడితే సర్వే చేసి లాభం లేదు.

కొత్త సర్వే వచ్చే వానల్లో మొదలవుతుంది. వెంట రావాలనుకునేవాళ్లు కార్యదర్శికి పేరు ఇవ్వండి. తొర్ర ఫొటోలు మాత్రం గ్రూపుల్లో పెట్టకండి. చూడ్డానికని జనం ఎగబడితే గబ్బిలాలు చెట్టు వదిలి పోతాయి. వేరే చెరువు నుంచి నేరుగా వచ్చేవాళ్లు బూట్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టుకుని రండి. కప్పలకు జబ్బు తెచ్చే కైట్రిడ్ అనే శిలీంధ్రం తడి బూట్ల వెంట కూడా ఒక నీటి నుంచి ఇంకో నీటికి పాకుతుంది. ప్రపంచంలో సుమారు 500 ఉభయచర జాతుల్లో జీవుల సంఖ్య తగ్గిపోవడానికి కారణమైంది అదే. టార్చి, నోటుబుక్కు మరిచిపోవద్దు.

— కార్యదర్శి