మగ్గం పక్కన ఇంటర్వ్యూ సాధన

కొత్తవాడ, వరంగల్

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. కరీంనగర్‌లో అవ్వా బాపూ ఆరోగ్యంగా ఉన్నారని, చెల్లెకు సంబంధం కుదిరిందని తెలిసి మా ఇంట్లో అందరం సంతోషించాం. జవాబు ఆలస్యమైనందుకు కారణం ఉంది. గుజరాత్‌లోని ఆణంద్‌లో గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే ఇర్మా అనే సంస్థ నుంచి నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, ఇంకా ఇరవై రోజులే గడువు. "ఇంగ్లీషులో ఎట్లా నెట్టుకొస్తావు?" అని నువ్వు అడిగిన ప్రశ్నకే ఈ ఉత్తరమంతా జవాబు అనుకో. పదో తరగతి దాకా నాతోపాటు తెలుగు మాధ్యమంలో చదివినవాడివి, వచ్చే ఏడాది నువ్వూ ఇటువంటి గది ముందు కూర్చోవలసినవాడివి కాబట్టి ఏదీ దాచకుండా రాస్తున్నాను.

పోయినేడు మరొక సంస్థ ఇంటర్వ్యూలో జరిగినది నీకు పూర్తిగా చెప్పలేదు. గదిలో ముగ్గురున్నారు. నీ గురించి చెప్పుకొమ్మని అడిగారు. కోచింగ్‌లో ఇచ్చిన జవాబును నేను కంఠతా పట్టి వెళ్లాను. నాలుగు వాక్యాలు గడగడా చెప్పాను, ఐదో వాక్యంలో ఒక మాట తట్టలేదు, దాని వెనకాల ఉన్నదంతా దానితోపాటే పోయింది. గొంతు ఎండిపోయింది. ఒకాయన చిన్నగా నవ్వి గడియారం వైపు చూశారు. ఆ నవ్వు చాలాకాలం నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇంగ్లీషు రాకపోవడమే నా లోపమని, అది పుట్టుకతో వచ్చిన వెలితి అని ఏడాదంతా నమ్మాను.

అది సగమే నిజమని మొన్న ఒక సాయంత్రం తెలిసింది. మా బాపు మగ్గం మీద ఉన్నాడు. ఎర్ర నూలు, నీలం నూలు కలిపి పెద్ద జంపఖానా ఒకటి నేస్తున్నాడు. నేను పక్కన గోడకు ఆనుకుని కాగితాలు చదువుతుంటే, "గంత దూరం పోయి ఏం నేర్చుకుంటవు బిడ్డా?" అని అడిగాడు. నోరు తెరిచాను, మాట రాలేదు. అడిగింది బాపు, అడిగింది తెలుగులో, అయినా నా దగ్గర జవాబు లేదు. పోయినేడు ఆ గదిలో కూడా నా దగ్గర లేనిది ఇంగ్లీషు ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది.

బాపు నాడెను పడుగు మీద ఆపి నా వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను మెల్లగా మొదలుపెట్టాను. చేనేత సహకార సంఘం నుంచి నూలు రావడం, నేసిన దానికి కూలి కట్టివ్వడం, అదే జంపఖానా పట్నంలో అమ్ముడయ్యే ధర మనకు ఎప్పుడూ తెలియకపోవడం, 2018లో వరంగల్ జంపఖానాలకు ఈ ఊరి ప్రత్యేక వస్తువన్న భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినా ఆ పేరును అమ్మకంగా మార్చే పని తెలిసినవాళ్లు మన వాడలో తక్కువగా ఉండడం, ఇవన్నీ చెప్పి, సంఘాన్ని లాభంతో నడిపించే విద్య నేర్చుకోవడానికి పోతున్నానని అన్నాను. బాపు ఏమీ అనకుండా తల ఊపి మళ్లీ నాడె విసిరాడు. ఆ రాత్రే అదంతా నేను మాట్లాడినట్టే తెలుగులో రాసుకున్నాను. మర్నాడు దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టాను. కంఠస్థం చేయలేదు. రోజూ ఒక్కో తీరుగా చెబుతున్నాను, ఒక మాట జారిపోతే మరో మాట దొరుకుతోంది.

ఇక భాష సంగతి. మనకు క్రియ వాక్యం చివర వస్తుంది. "బాపు మగ్గం మీద జంపఖానా నేస్తాడు" అని తీరికగా చివరికి చేరుకుంటాం. ఇంగ్లీషులో "మై ఫాదర్" అనగానే "వీవ్స్" పడాలి. మనం ఆగిపోయేది సరిగ్గా అక్కడే, మాటలు తెలియక కాదు. అందుకే ఎవరు, ఏం చేస్తారు అన్న రెండు మాటలను ముందే పలికి, మిగతాది తర్వాత అతికించడం అలవాటు చేసుకుంటున్నాను. పొడుగు వాక్యాల జోలికి పోవడం లేదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఇంకో సంగతి తెలిసింది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి "లూమ్" అనవలసిన చోట "లూము" అంటున్నాను. "ఐ యామ్ హ్యావింగ్ వన్ సిస్టర్" అని కూడా అంటున్నాను, అక్కడ "ఐ హ్యావ్" సరిపోతుంది. యాసను మాత్రం మార్చుకోదలచుకోలేదు. వినేవాళ్లకు మాట స్పష్టంగా అందాలి, అంతవరకే నా ప్రయత్నం. ప్రశ్న అర్థం కాకపోతే "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్?" అని అడగడం ఒక్కటే నేను నాలుకకు పట్టించిన వాక్యం. పోయినేడు అర్థం కాని ప్రశ్నకు తల ఊపి ఏదో చెప్పాను, అది మళ్లీ చేయను. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తూ ఇవన్నీ గట్టిగా చెప్పుకుంటున్నాను. మొదటి రెండు రోజులు సిగ్గేసింది, ఇప్పుడు లేదు.

విషయం చేతిలో ఉంటే గొంతు వణకడం తగ్గుతుందని గ్రహించి, సిద్దిపేట బస్సెక్కి ముల్కనూరు కూడా వెళ్లి వచ్చాను. 1956లో మొదలైన సహకార సంఘం మనకింత దగ్గరలో ఉండి కూడా ఇన్నాళ్లు చూడలేదు. అక్కడి మహిళల పాడి సంఘం స్వకృషి పేరుతో పాలు అమ్ముతుంది. పాలలో వెన్న శాతాన్ని బట్టి ధర కడతారని ఒక పెద్దమ్మ నాకు ఓపికగా వివరించింది. ఆణంద్‌లో 1946లో పాలరైతులు సంఘం కట్టుకోవడం, తర్వాత పాల సహకార సంఘాలను పెంచి పేరుపొందిన మలయాళీ వర్గీస్ కురియన్ 1949లో ఆ ఊరికి ఉద్యోగానికి రావడం, 1979లో ఆయనే ఇర్మాను స్థాపించడం, 2025లో అది త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంలో చేరడం ఇదివరకు పుస్తకంలో చదివి మరిచిపోయేవాణ్ని. ఆ పెద్దమ్మ మాట విన్నాక అవి పాఠంలా లేవు. సహకార సంఘమంటే ఏమిటని అడిగితే ముల్కనూరుతోనే మొదలుపెడతాను.

భయం పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నిన్న రాత్రి కూడా ఆ గడియారం వైపు చూసిన చూపు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

నువ్వొక్క సాయం చెయ్యి. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి నాకు తెలియని ప్రశ్నలు అడుగు, నేను చెబుతుండగా మధ్యలో అడ్డుపడు, తెలుగులోకి జారితే వెంటనే ఆపు. స్నేహితుడినని జాలిపడకు. అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు ఇక్కడి నుంచే టికెట్ తీసుకున్నాను, బాపు కూడా వస్తానంటున్నాడు. చెల్లె పెళ్లి ముహూర్తం ఖాయం కాగానే రాయి. పెళ్లికి బాపు నేసిన జంపఖానా ఒకటి తీసుకొస్తాను.

నీ మిత్రుడు